ముట్టుకునే హక్కు

ఆ శనివారం గుడ్లగూబ ఒక పరాయి మనిషిని చూసి కూసింది.

పెద్దగా కాదు. గొంతులోనే, గారాలు పోతున్నట్టు.

గుడ్లగూబక్క చేతిలో మాంసం ముక్క చేతిలోనే ఉండిపోయింది. ఆ పక్షుల సంరక్షణ సంస్థలో, రెక్క విరిగిన ఆ పక్షికి రెండేళ్లుగా తిండి పెట్టేది, గూడు కడిగేది, దాన్ని బడిపిల్లలకు చూపించి అడవి సంగతులు చెప్పేది ఆమే. పిల్లలు ఆమె అసలు పేరు మరిచిపోయి ఈ పేరు ఖాయం చేశారు. అంత చాకిరీ చేసినా ఆ కూత ఆమెకు ఒక్కనాడూ దక్కలేదు.

వచ్చినాయన ముసలివాడు. మందపాటి కళ్లద్దాలు. పిల్లలంతా వెళ్లిపోయినా ఆయన మాత్రం గూటి ఇనుప జాలీ దగ్గరే నిలబడ్డాడు.

"ఎడమవైపు నుంచి పెట్టమ్మా. కుడికన్ను సరిగా ఆనదు దానికి."

ఆమెకు ఒళ్లు మండింది. దారినపోయే దానయ్య వచ్చి తల్లికి బిడ్డ ఆకలి గురించి చెప్పడమేమిటి?

ఆయన వెళ్లాక ఎడమవైపు నుంచి పెట్టి చూసింది. పక్షి ఠక్కున అందుకుంది. దాంతో మరింత మండింది.

ఆయన ప్రతి శనివారం రావడం మొదలుపెట్టాడు. ఆయన కనబడితే చాలు, పక్షి కర్ర మీద గెంతుకుంటూ ఆ పక్కకి చేరేది. అయిదో వారం ఆయన జాలీలోంచి వేలు పెట్టి దాని తల నిమిరాడు. అది హాయిగా కళ్లు మూసుకుంది.

ఆమెకు కలిగింది అసూయే. దానికి ఇంకో పేరు పెట్టడం ఆమెకూ చేతకాలేదు.

పక్షిని ఉంచుకోడానికి ప్రభుత్వం ఇచ్చిన పర్మిట్ గడువు ఆ నెలాఖరుకి తీరిపోతుంది. కొత్తది తన పేరున ఇమ్మని ఆమె దరఖాస్తు పెట్టింది. ఎగరలేదని డాక్టరు సర్టిఫికెట్టు, గూడు కొలతలు, బడిపిల్లలకు ఎన్నిసార్లు చూపించారో ఆ లెక్క, అన్నీ జతచేసింది. పర్మిట్ రాకపోతే ఆ పక్షిని ఉంచుకోకూడదు, అడవిలో వదిలితే బతకదు. ఇక మిగిలేది ప్రాణం తీసే డాక్టరు సూదే. అందుకే రూల్సన్నీ ఆమెకు కంఠతా వచ్చు.

అందులో ఒకటి ఇప్పుడు పనికొచ్చింది.

ముసలాయన్ని వెంటబెట్టుకుని మేనేజరు గదికి వెళ్లింది.

"పర్మిట్ ప్రకారం హక్కులేని మనిషి పక్షిని ముట్టుకోకూడదు సార్. ఈయన ముట్టుకుంటున్నారు. ఇది పైవాళ్లకి తెలిస్తే కొత్త పర్మిట్ రాదు. రేపట్నుంచి ఈయన్ని లోపలికి రానివ్వద్దు."

మేనేజరు ముసలాయన వైపు చూసి ఏదో చెప్పబోయాడు. ఆయన వద్దని తలూపాడు.

"అమ్మాయి చెప్పింది రూలే కదండీ," అన్నాడు.

ఆ తర్వాత శనివారం ఆయన రాలేదు. పక్షి జాలీ వైపు చూస్తూ కూర్చుంది. చూడనీ, అదే మరిచిపోతుందిలే అనుకుంది ఆమె. గెలిచానన్న సంతోషంలో ఆ రోజు గూడు రెండుసార్లు కడిగింది.

నెలాఖరుకి పర్మిట్ వచ్చింది. ఆమె పేరునే. పాతది వెనక్కి పంపాలంటూ మేనేజరు దాన్ని బీరువాలోంచి తీశాడు. అది సంస్థ పేరున ఉంటుందని ఆమె ఇన్నాళ్లూ అనుకుంది.

దాని మీద ముసలాయన ఫొటో ఉంది.

తొమ్మిదేళ్లు ఆయనే పెంచాడట. చూపు తగ్గి చేసుకోలేక ఇక్కడికి ఇచ్చాడట. ఆయన పూచీ మీదే ఆమె రెండేళ్లుగా పక్షిని ముట్టుకుంటోందట.

"ముందే ఎందుకు చెప్పలేదు సార్?"

"చెప్పొద్దన్నారమ్మా. తెలిస్తే నువ్వు మొహమాటపడతావట. వదులుకుంటున్నట్టు ఆయన రాసిస్తేనే నీకు పర్మిట్ వచ్చేది. అయిదు వారాలు వచ్చి నిన్ను చూసినా సంతకం పెట్టలేదు. ఆ రోజు నువ్వు గదిలోంచి వెళ్లగానే పెట్టేశారు."

ఇప్పుడే వెళ్లి కాళ్లమీద పడతాను, అడ్రసు ఇవ్వమంది. ఆయన ఇల్లు ఖాళీ చేసి కూతురి ఊరికి వెళ్లిపోయి వారమైందన్నాడు మేనేజరు.

ఆమె చేతిలో ఆయన రాసిచ్చిన కాగితం నకలు మిగిలింది. 'ఎందుకు వదులుకుంటున్నారు' అన్నచోట, చూపు ఆనని మనిషి రాసిన పెద్ద పెద్ద అక్షరాలు వంకరగా ఉన్నాయి: "నన్ను కూడా దాన్ని ముట్టుకోనివ్వని మనిషి దొరికింది."