పాప పేరు పెట్టిన రాయి

చనిపోయిన కూతురి పేరును అతను ఒక రాయికి పెట్టుకున్నాడు. అంగారకుడికీ గురుగ్రహానికీ మధ్య సూర్యుడి చుట్టూ తిరిగే లక్షల రాళ్లలో అదొక చిన్న గ్రహశకలం. దాన్ని అతనే కనిపెట్టాడు. మబ్బు లేని ప్రతి రాత్రీ అబ్జర్వేటరీలో ఒంటరిగా కూర్చుని, టెలిస్కోప్ కెమెరా తెర మీద చిన్న చుక్కలా చూపించే దాన్ని చూసుకునేవాడు. వంకరటింకర రాయి, బొంగరంలా తిరుగుతుంటుంది. అందుకే దాని వెలుగు తగ్గుతూ, మళ్లీ పెరుగుతూ ఉంటుంది.

ఆ రాత్రి తగ్గిన వెలుగు పెరగడానికి ఆలస్యమైంది. తర్వాతిసారి ఇంకా ఆలస్యమైంది. కెమెరా సరిచూశాడు. చుట్టూ నక్షత్రాలన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. యుగాలుగా తిరుగుతున్న రాయి ఒక్క రాత్రిలో నెమ్మదించదు.

ఆస్పత్రిలో చివరిరోజు పాప ఊపిరి ఇలాగే ఆగి ఆగి వచ్చింది. అతను భార్యకు ఫోన్ చేశాడు.

ఆమె వెంటనే ఎత్తింది. గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

"తొందరగా ఇంటికి రండి. పాప గదిలో ఊపిరి వినిపిస్తోంది."

"నువ్వు లోపలికి వెళ్లకు."

"మంచం పక్కనే కూర్చున్నానండీ. మంచం మీద ఎవరూ లేరు. కానీ అప్పటిలాగే ఆగి ఆగి వస్తోంది. ఈసారైనా ఏదో ఒకటి చెయ్యండి."

తెర మీద వెలుగు మళ్లీ తగ్గసాగింది. ఫోన్‌లో ఆమె మాట ఆగిపోయింది. ఆ గదిలో ఊపిరి కూడా తగ్గుతోందని అతనికి అర్థమైంది.

"తీసుకో తల్లీ," అన్నాడతను తెరకు మొహం ఆనించి. "ఇంకొక్కసారి ఊపిరి తీసుకో."

చుక్క వెలుగు ఇంకా తగ్గుతూనే ఉంది.