ఏసమ్మ గారి ఫ్లెక్సీ

“చనిపోయినావిడకి పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పిన కంపెనీ దేశంలో మనదొక్కటేనండి!”

సేల్స్ చూసే రాజీవ్ తన ఫోను తెచ్చి సాయిసుధ ముందు పెట్టాడు. పెనుమూడిలో తమ దాణా అమ్మే సుందరయ్య కొట్టు. దాని మీద కొత్త ఫ్లెక్సీ. చుట్టూ రంగురంగుల బుడగలు, ఒక పక్క కేకు, మధ్యలో సుందరయ్య భార్య ఏసమ్మ నవ్వుతున్న ఫొటో. ఆవిడ పోయి ఆ రోజుకు ఏడాది.



డీలరు ఇంట్లో మంచి జరిగినా చెడు జరిగినా ఫ్లెక్సీ కట్టించడం ఆ కంపెనీ ఆనవాయితీ. మొన్నమొన్నటిదాకా ఎవరికి తోచినట్టు వాళ్ళు వేయించేవారు. తెనాలిలో పచ్చ రంగు, బాపట్లలో పసుపు, రేపల్లెలో కంపెనీ గుర్తయిన ఎద్దుకు ఒకటే కొమ్ము. సాయిసుధ డిజైనరుగా వచ్చి డిజైన్ సిస్టమ్ అంది. ఊరేదైనా అదే ఎద్దు, అవే రంగులు, అవే అక్షరాలు. పెళ్ళికీ, పుట్టినరోజుకీ, నివాళికీ తయారుగా నమూనాలు. డీలరే ఫోనులో తనకు కావలసింది ఎంచుకుని ఫొటో పెడితే చాలు, నేరుగా అచ్చుకు వెళ్ళిపోతుంది.

“అన్నీ ఒకేలా ఉండాలన్నారు కదా మేడమ్. ఉన్నాయి. చావూ పుట్టుకా పక్కపక్కనే ఒకేలా ఉన్నాయి. పెద్దాయన వేలు జారి పక్కదాని మీద పడింది. తప్పెవరిది?”

“నాదేనండి.”

మార్కెటింగ్ మేనేజరు బ్రహ్మానందం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “రేపల్లె చుట్టుపక్కల కొట్లన్నీ సుందరయ్య మాట మీదే నడుస్తాయి. ఓనరుగారు ఇప్పుడే ఫోన్ చేశారు. సుందరయ్య శాంతించకపోతే రేపటి నుంచి పాత పద్ధతేనట. నీ ఉద్యోగం కూడా...” అని ఆగాడు. “పదమ్మా, నేనూ వస్తా. నీ పద్ధతికి సరేనన్నది నేను. తిట్లలో సగం నాకూ రావాలి.”

సాయిసుధ ఆయనకు చేతులెత్తి దణ్ణం పెట్టబోయి, రాజీవ్ చూస్తున్నాడని ఊరుకుంది.

నివాళి ఫ్లెక్సీ అప్పటికప్పుడు అచ్చు వేయించి, చుట్టి కారులో పెట్టుకున్నారు. వేమూరు దాటాక సాయిసుధ అడిగింది.

“ఆయనకి ఏం చెప్పమంటారండి?”

“ఏం చెప్పకు. తిట్టనీ. పెళ్ళాం పోయినవాడికి తిట్టడానికి ఒక మనిషి దొరకడం కూడా భాగ్యమే.”

కొట్టు ముందు కుర్చీలు వేసి ఉన్నాయి. జ్ఞాపకార్థ కూడికకు జనం అప్పుడప్పుడే వస్తున్నారు. అందరి నెత్తి మీదా ఆ బుడగలు, ఆ కేకు. తెల్లచొక్కా వేసుకున్న సుందరయ్య కారును చూసి ఎదురొచ్చాడు.

“బాబాయ్ గారూ, ఈ ఫ్లెక్సీల మోడళ్ళు చేసింది నేనే,” అంది సాయిసుధ ఒక్క గుక్కలో. “రెండూ పక్కపక్కన పెట్టి పొరపాటు చేశాను. ఇప్పుడే దింపించేస్తాను. అసలుది తెచ్చాం.”

సుందరయ్య ఆ ఫ్లెక్సీ చుట్ట అందుకుని కొంచెం విప్పాడు. నలుపు తెలుపుల్లో ఏసమ్మ. మెల్లగా మళ్ళీ చుట్టి సాయిసుధ చేతికే ఇచ్చేశాడు.

“నువ్వేనా అమ్మా! నిన్నొకసారి చూడాలనుకున్నా. ఇన్నాళ్ళూ మీవాళ్ళు వాళ్ళకి తోచింది కట్టేసి పోయేవాళ్ళు. చచ్చినోళ్ళందరికీ అదే దీపం, అదే దండ. నీకేది కావాలయ్యా అని నన్నడిగింది నువ్వు చేసిందే. చల్లగా ఉండు తల్లీ.”

బ్రహ్మానందం నెమ్మదిగా అడిగాడు. “అయితే సుందరయ్యా, నీ వేలు జారి పక్కదాని మీద పడలేదా?”

“వేలు జారడమేంటండి?” సుందరయ్య తలెత్తి ఫ్లెక్సీ వంక చూశాడు. “ప్రభువు దగ్గర మా ఏసమ్మకిది మొదటి పుట్టినరోజు.”