ఎగిరే గరిటె

బడి పిల్లల నుదుటికి ధ్యాస పట్టీలు వచ్చి రెండేళ్లయింది. మనసు పాఠం గడప దాటితే చాలు, పట్టీ కనిపెట్టి బడికి చెప్పేస్తుంది. ఇంట్లో హోంవర్కు గంటసేపూ కట్టుకోవాల్సిందే.

హైమ కూతురు ఆర్ద్రకి పదేళ్లు. పెద్దయ్యాక కార్టూనిస్టు అవుతానంటుంది. కిటికీలోంచి చూస్తూ కూర్చుందంటే అన్నం పిలుపు కూడా వినపడదు. అందుకని హైమ ఓ ఉపాయం పన్నింది. హోంవర్కు వేళకి ఆ పట్టీ తనే కట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయేది.

"నువ్వు బొమ్మలు గీసుకోవే. బెండకాయలు తరిగేప్పుడు నాకుండే ధ్యాస మునులకు కూడా ఉండదు."

ఆర్ద్ర ఆ వేషాన్నీ బొమ్మ గీయకుండా వదల్లేదు. నుదుట పట్టీతో అమ్మ, ఆమె చేతిలోంచి రెక్కలొచ్చి ఎగిరిపోతున్న గరిటె. ఆ బొమ్మ చూసి హైమ కడుపుబ్బ నవ్వింది.

నెల తిరిగేసరికి బడి నుంచి కబురొచ్చింది. గంటలో యాభై నిమిషాలు అమ్మాయి మనసు ఊళ్లు తిరుగుతోందట, వారం రోజులు అక్కడే ఉంచుకుని సరిచేస్తారట.

హైమ పరుగెత్తింది. "ఊళ్లు తిరిగింది నా మనసండీ! పట్టీ నేను కట్టుకున్నాను!"

"ప్రతి తల్లీ ఇదే అంటుందమ్మా," అంది ప్రిన్సిపాల్ జాలిగా.

వారం తర్వాత ఆర్ద్ర ఇంటికొచ్చింది. చెప్పులు వరసగా విడిచి, చెప్పకుండానే పుస్తకం తీసింది. హైమ పాత బొమ్మ తెచ్చి ముందు పెట్టింది.

"ఇదెవరో చెప్పు చూద్దాం?"

ఆర్ద్ర ఎంతో శ్రద్ధగా చూసింది.

"నువ్వేనమ్మా. కానీ తప్పుంది. గరిటెలకు రెక్కలుండవు," అంటూ రబ్బరు అందుకుంది.