తప్పు మోటారుది కాదు

"విప్పవయ్యా, విప్పు. అందరూ చూస్తుండగానే విప్పు," అన్నాడు మేనేజరు గణపతిరావు.

మెకానిక్ చినబాబు పానా పట్టుకుని మోటారు ముందు గొంతుక్కూర్చున్నాడు.

కొత్తవలసలో ఆ మోటార్ల కంపెనీ పెట్టి ఎన్నాళ్లో కాలేదు. ఊళ్లకి కరెంటు స్తంభాలు రాగానే రైతులు మోటార్ల కోసం ఎగబడ్డారు. వాళ్లు ఎగబడేసరికి గణపతిరావు కళ్లు నెత్తికెక్కాయి. మోటారులో చుట్టిన తీగకి వార్నిష్ పట్టించి, బట్టీలో పెట్టి, బాగా ఆరాకే బిగించాలి. "నూతి గట్టు మీద ఎండ లేదుటయ్యా? అక్కడే ఆరుతుంది. బిగించి పంపండి," అనేవాడాయన. అలా పంపినవన్నీ ఒక్కొక్కటే మాడి, బండెక్కి తిరిగొస్తున్నాయి.

దానికీ ఆయన దగ్గర మందుంది. ఏ మోటారు తిరిగొచ్చినా మెకానిక్ విప్పి చూసి, కరెంటు తక్కువున్నప్పుడు నడిపి మాడ్చేశారని రైతు మొహం మీదే చెప్పాలి. తప్పు రైతుదైతే కంపెనీ వేరే మోటారు ఇవ్వక్కర్లేదు.

మొన్న రాముడనే మెకానిక్ ఆ మాట చెప్పనన్నాడు. "అయ్యా, ఇది మన తప్పే," అన్నాడు. ఆ పూటే గేటు బయటికి పోయాడు. ఇప్పటికీ పని కోసం బజారంతా తిరుగుతున్నాడు.

వరండా నిండా రైతులు. అందరివీ మాడిన మోటార్లే. ముందుగా వచ్చినవాడు కూర్మయ్య. తలపాగా తీసి చేత్తో పట్టుకుని నించున్నాడు. చినబాబు అతని వంక చూడడం లేదు. ఎలా చూస్తాడు? ఎడ్లతో మోట తోలే రోజులు పోయాయని, మా మోటారు బంగారమని కూర్మయ్యకి నచ్చజెప్పి కొనిపించింది తనే.

"లైటు తెల్లగా ఎలిగితేనే ఏసేవోణ్ని బాబూ," అంటున్నాడు కూర్మయ్య మేనేజరుతో. "కరెంటు సాలక ఎర్రగా ఎలిగితే సెయ్యెట్టీవోణ్ని కాను. మోటారొచ్చినాదని ఎడ్లు అమ్మీసినాను. ఇప్పుడు సెరుకు ఎండిపోతన్నాది. ఏరే మోటారిప్పించండి."

"మెకానిక్ చెబుతాడుగా," అని నవ్వాడు గణపతిరావు.

చినబాబు మూత తీశాడు. గుప్పున మాడు వాసన కొట్టింది. మాడని చోట వార్నిష్ ఇంకా జిగురుగానే ఉంది. వేలికి అంటుకుంది. గబుక్కున గుడ్డకి తుడిచేశాడు.

"ఏమయ్యా, నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా? ఏమైంది దానికి?"

చినబాబు కళ్ల ముందు రాముడు కదిలాడు.

"కరెంటు తక్కువున్నప్పుడు నడిపారండి," అన్నాడు మోటారుకేసి చూస్తూ.

"అది మోటారుకి చెబుతావేం? అతని మొహం చూసి చెప్పు. గట్టిగా!"

చినబాబు తలెత్తాడు.

"లైటు ఎర్రగా ఉన్నప్పుడు నడిపారు. తప్పు... తప్పు మీదే."

తల కొట్టేసినట్లయింది. ఛీ, ఈ బతుకు కంటే గేటు బయట ముష్టెత్తుకోవడం నయం అనుకున్నాడు. అనుకున్నాడే గానీ, మాట వెనక్కి తీసుకోలేదు.

కూర్మయ్య అతని మొహంలోకి ఒక్క క్షణం చూశాడు.

పాతపట్నం వైపు నుంచి వచ్చిన జగన్నాధమనే రైతు ఊరుకోలేకపోయాడు. "ఏటీ అన్నేయం? మేవందరం ఎర్రలైట్లోనే ఏసినామేటి? మావా, నువ్వు ఒగ్గీకు. గట్టిగా అడుగు. నీ ఎనక మేవున్నాం!"

వరండాలో వాళ్లంతా లేచి నించున్నారు. గణపతిరావు నవ్వు తగ్గింది. కూర్మయ్య ఇంకో మాట గట్టిగా అంటే చాలు, అందరి మోటార్లూ మార్చాల్సి వచ్చేలా ఉంది. అడుగు, నన్ను తిట్టు, నా చెంప పగలగొట్టు అని చినబాబు లోలోపల వెయ్యి దండాలు పెట్టాడు.

"లేదులే బాబూ," అన్నాడు కూర్మయ్య. "నాదే తప్పు. ఆ రోజు లైటు ఎర్రగానే ఉన్నాది. సెరుకు పోతాదన్న ఆత్రంలో ఏసీసినాను. ఈ మెకానిక్ బాబు సెప్పిందే నిజిం."

"థూ! మా కొంప కూడా ముంచీసినావు గదయ్యా," అని జగన్నాధం చతికిలబడ్డాడు. మిగతావాళ్లూ కూర్చున్నారు.

"చూశారా? పల్లెటూరివాళ్లకి మిషన్లిస్తే ఇంతే మరి," అని గణపతిరావు చినబాబు భుజం తట్టాడు. "భేష్! నువ్వు పైకొస్తావోయ్."

చినబాబు పానా పక్కన పడేసి లేచాడు.

మోటారు బండికెక్కించడానికి కూర్మయ్యకి ఎవరూ సాయం రాలేదు. చినబాబే వెళ్లాడు. ఇద్దరూ చెరో పక్కా పట్టి ఎత్తారు. ఏదో అనబోయాడు చినబాబు. కళ్లల్లో నీళ్లొచ్చాయి.

కూర్మయ్య అటూ ఇటూ చూశాడు. ఎవరూ వినడం లేదని రూఢి చేసుకుని, తలపాగా చుట్టుకుంటూ మెల్లగా అన్నాడు:

"ఆదివారం ఇంటికొచ్చినప్పుడు మీ యమ్మకి మాత్రం ఈ సంగతి సెప్పకురా, కొడుకు అబద్దమాడినాడంటే అది తట్టుకోలేదు."