నాలుక మీద నమ్మకం

"నువ్వు మాత్రల్లో కలిపే నాభి దుంపలో విషం అలాగే ఉంది నాన్నా. నీ నొప్పుల మాత్ర మింగిన మేస్త్రి చావు అంచుదాకా వెళ్ళొచ్చాడు," అంది కూతురు, మందుల గది తలుపు ధడాలున తోసి.

వైద్యుడు కల్వంలో మందు నూరుతూనే ఉన్నాడు. "పాలల్లో ఉడికించి, నాలుక మీద పెట్టుకుని మరీ చూశాను. చురుక్కుమనలేదు. అంటే విషం పోయినట్టే."

"మళ్ళీ చూడు."

ఆయన ఉడికిన దుంప ముక్కని నాలుకకి తాకించి, ఏమీ లేదన్నట్టు తలూపాడు. ఆమె అదే ముక్క లాక్కుని తన నాలుకకి తాకించుకుంది. చీమలు కుట్టినట్టయి, నాలుక మొద్దుబారింది. పెరట్లోకెళ్ళి ఉమ్మేసి, నోరు కడుక్కుని వచ్చింది.

"నీ నాలుకకి చురుకూ రుచీ ఏదీ తెలియడం లేదు కదూ? ఎప్పటినుంచి?"

ఆయన కల్వం పక్కకి జరిపాడు. "మీ అమ్మ వంటకి నేను వంకలు పెట్టడం మానేసినప్పటినుంచి."

వయసుతో నాన్న మెత్తబడ్డాడని ఇంటిల్లిపాదీ మురిసిపోయారు అప్పట్లో.

"తెలిసి కూడా మాత్రలు కట్టావా?"

"మానేస్తే నన్నింకెవరు వైద్యుడంటారే?"

జాలిపడబోయిన మనసు మళ్ళీ భగ్గుమంది. సీసాల్లోని మాత్రలన్నీ గోనెసంచిలో కుమ్మరించింది.

"పద. మేస్త్రి భార్యకి ఈ మాట నువ్వే చెప్పు," అంటూ ఆయన చెప్పులు తెచ్చి గుమ్మంలో పెట్టింది.