ఉమ్మడి కిడ్నీ

“నా కిడ్నీ ఎవరు తీసేసిండ్రు?”

చంద్రకాంత్ కేకకు బీరంగూడలోని ఆ ప్రైవేటు బడి స్టాఫ్‌రూములో చాయ్ గ్లాసులు నోటిదాకా వెళ్ళి ఆగిపోయాయి. అతను పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీ సూపర్‌వైజరు. షిఫ్టు దిగి, యూనిఫాం కూడా మార్చకుండా వచ్చాడు.

“నేనే తీసేసిన,” అంది అప్పటికే అక్కడ కూర్చుని ఉన్న తాజున్నీసా. ఇంటి ముందరే టైలరింగ్ షాపు నడుపుతుందామె. “నీ కిడ్నీ గలత్ ఉన్నది భాయ్‌సాబ్. కుడిది జెర కిందికుంటది. నువ్వు ఎడమది కిందికి పెట్టినవ్.”

“తీసేసే ముందు ఒక మాట అడగాలె గద! ఆదివారమంత కూసోని గీసిన.”

“మరి నా మూత్రాశయం రంగెందుకు మార్చినవ్?”

“గులాబీ రంగుకు గోల్డ్ అంచు ఏస్తరా ఎవరన్న?”

“మ్యాచింగ్ చూసే ఏసిన!”

బయాలజీ టీచర్ స్నిగ్ధ తల పట్టుకుంది. పదో తరగతి పిల్లలు ఇద్దరిద్దరు జట్టుగా, ఆన్‌లైన్‌లో ఒకే ఫైలు తెరిచి, విసర్జన వ్యవస్థ మీద ప్రాజెక్టు చేయాలని చెప్పింది తనే. ఎవరింట్లో వాళ్ళుండి అదే ఫైలులో రాయొచ్చు, దిద్దొచ్చు. తాను జవాబులు చెప్పదు. పక్కన చిన్న చిన్న ప్రశ్నలు వేసి పిల్లలను మెట్టు మెట్టుగా ఎక్కిస్తుంది. ట్రైనింగులో నేర్చుకున్న విద్య అది. చంద్రకాంత్ కూతురు నిషిత, తాజున్నీసా కూతురు అరీబా ఒక జట్టు. ఆ జట్టు ఫైలు చూసుకుని ఆమె మురిసిపోని రోజు లేదు.

“ఇందులో పిల్లలు రాసిందేమన్నా ఉందా?” అడిగింది స్నిగ్ధ.

ఇద్దరూ గోడ మీది క్యాలెండర్ వైపు చూశారు.

“నేను వేసిన ప్రశ్నలకు జవాబులెవరు రాశారు?”

“సగం నేను, సగం గామె,” నసిగాడు చంద్రకాంత్.

“అంటే, ‘వెరీ గుడ్ నిషితా’ అని నేను రాసింది...”

“నాకే టీచర్.” అతని ముఖంలో సిగ్గుతో పాటు కాస్త గర్వమూ కనిపించింది. “నేను బడిల ఉన్నప్పుడు ఒక్కనాడు రాలే. ఫోన్ల ఫోటో దీసి పెట్టుకున్న.”

“నాకు రెండొచ్చినయ్,” అంది తాజున్నీసా.

స్నిగ్ధకు ఒళ్ళు మండింది. పిల్లలిద్దరినీ పిలిపించి, అందరినీ కంప్యూటర్ గదికి నడిపించింది. పెద్దవాళ్ళను వెనక బెంచీలో కూర్చోబెట్టింది.

“మీరు నోరు తెరవొద్దు. కిడ్నీ గురించి పిల్లలే చెప్తారు. చెప్పలేకపోతే ఇంటర్నల్ మార్కులు సున్నా.”

“యా అల్లా! మా అరీబాకు చాయ్ పెట్టుడు గుడ రాదు టీచర్!”

పిల్లలిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నిషిత కంప్యూటర్ ముందు కూర్చుని ఒక ఫైలు తెరిచింది. తెర మీద రెండు కిడ్నీలూ ఉండాల్సిన చోటే ఉన్నాయి. నెత్తురు ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో బాణాలు కదులుతూ చూపిస్తున్నాయి. అరీబా గడగడా చెప్పుకుపోయింది.

“కిడ్నీ అంటే ఫ్యాక్టరీల మురికినీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు లెక్కనే టీచర్. తేడా ఒక్కటే. ఇన్‌స్పెక్షన్ లేని రోజు గుడ పని చేస్తది.”

చంద్రకాంత్‌కు దగ్గు వచ్చింది.

స్నిగ్ధ ముఖం వెలిగిపోయింది. “చూశారా? పెద్దవాళ్ళు పక్కకు తప్పుకుంటే పిల్లలు వాళ్ళంతట వాళ్ళే నిలబడతారు. ఇదంతా నేను వేసిన ప్రశ్నల మహిమ!” అంటూ ఆ ప్రశ్నలు చూపిద్దామని తెర మీదికి వంగింది. ఒక్కటీ లేదు.

“ఇది... నేను రోజూ చూసే ఫైలు కాదే?”

“కాదు టీచర్. ఇది మేమిద్దరం కంప్యూటర్ పీరియడ్ల చేసుకున్నం,” అంది నిషిత. “ఇంట్ల మా డాడీ, అరీబా వాళ్ళ అమ్మీ పని చేసుకోనిస్తలేరు. అందుకే ఆడుకోనీకి వాళ్ళకు వేరే ఫైలు ఇచ్చినం.”

“మరి నాకు అసలుది ఎందుకు పంపలేదు?”

అరీబా తల దించుకుంది.

“మీరు గుడ పని చేసుకోనిస్తలేరు టీచర్. అందుకే మిమ్మల్ని గుడ గా ఫైల్లనే ఏసినం.”