తాతగారికి అమర్చిన పెట్టె

మా వీదా ఊళ్ళో ఇంట్లోకి కొండచిలువ వస్తే తాతగారొచ్చారంటాం. దణ్ణం పెట్టుకుని, చేతుల్లో ఎత్తుకెళ్ళి పాముల గుడిలో దింపి వస్తాం. నా మొగుడు సెజ్రో మాత్రం, మొన్న మా ఇంట్లోకొచ్చిన మూరెడైనా లేని కొండచిలువ పిల్లను పెంచుకుంటానన్నాడు.

"పెద్ద పెట్టెలో పెడితే బెదిరిపోతుందే," అంటూ చిన్న ప్లాస్టిక్ డబ్బా తెచ్చాడు. మూతకు చిల్లులు పొడిచాడు. ఒక పక్కన వేడినీళ్ళ సీసా ఆనించాడు. దాక్కోవడానికి కొబ్బరిచిప్ప బోర్లించి, గిన్నెలో నీళ్ళు పోశాడు. చివరికి బయట గడియ బిగించాడు.

"తాతను డబ్బాలో పెట్టి మూస్తావా? పాపం తగలదూ?" అన్నాను.

"వెచ్చగా ఉంది, నీళ్ళున్నాయి. ఇంకేం కావాలంట?"

పోయిన వానాకాలం, మతి తప్పి వీధుల్లో తిరుగుతోందని వాళ్ళమ్మను పక్క గదిలో పెట్టి గడియ వేసినప్పుడూ ఇదే మాట అన్నాడు. అత్త ఆ గదిలోనే పోయింది.

ఆ రాత్రి దీపం ఆర్పాక డబ్బా లోపలి నుంచి మూత మీద చప్పుడైంది. రెండుసార్లు మెల్లగా, కాస్త ఆగి ఒకసారి గట్టిగా. అత్త తలుపు కొట్టినట్టే.

నేను లేచి కూర్చున్నాను. సెజ్రో నిద్రమత్తులోనే విసుక్కున్నాడు. "పడుకోమ్మా, పొద్దున తీస్తాలే."

చప్పుడు ఆగిపోయింది. అత్త చనిపోయిన రాత్రి తలుపు చప్పుడు కూడా ఈ మాటకే ఆగింది.